ద్రాక్ష సారాయి అనకండి, వైన్ అనే రాయండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో నాసిక్ ద్రాక్షతోటల యాత్ర మీద వచ్చిన వ్యాసం చదివాను. ఫొటోలు చాలా బాగున్నాయి, గంగాపూర్ డ్యామ్ వెనక పొద్దు వాలుతున్న ఫొటో చూసి అయితే కాసేపు పేపర్ తిప్పలేకపోయాను, ఎందుకంటే పన్నెండేళ్లు ఆ పొద్దు చూస్తూనే డ్యూటీ దిగేవాణ్ణి. కానీ వ్యాసం మొదలు నుంచి చివరిదాకా వైన్‌ని 'ద్రాక్ష సారాయి' అని రాశారు. ఒకచోట పొరపాటున పడిందేమో అనుకుని లెక్కపెట్టాను, పదకొండు చోట్ల ఉంది. ఆ మాట తప్పు, అందుకే ఈ ఉత్తరం.

నా గురించి రెండు ముక్కలు చెప్తాను. మాది మేడ్చల్ వైపు. మా నాన్న అనాబేషాహి ద్రాక్షతోట పెంచాడు. నేను నాసిక్ దగ్గర ఒక వైనరీలో చేరి, ఎక్కువ కాలం బాట్లింగ్ హాల్లోనే పనిచేశాను. అంటే పందిరి కింద వంగి నడిచిన రోజులూ తెలుసు, సీసాకు మూత పడే చప్పుడూ తెలుసు. తాగమని ఎవరికీ చెప్పడం నా ఉద్దేశం కాదు, మా ఇంట్లో అమ్మ ఇప్పటికీ వైన్ వాసన కూడా చూడదు. తెలుగులో ఒక విషయం రాస్తున్నప్పుడు ఆ విషయానికి దాని మాటే వాడాలన్నదే నా బాధ.

సారాయి అంటే కాచింది. బెల్లం ఊటను పులియబెట్టి, కుండ కింద మంట పెట్టి, లేచిన ఆవిరిని చల్లార్చి బొట్టుబొట్టుగా పట్టేది సారాయి. వైన్‌కు ఎక్కడా పొయ్యి వెలగదు. ద్రాక్షను చితక్కొడతారు, రసంలోని చక్కెరను ఈస్ట్ అనే సూక్ష్మజీవి తింటుంది, ఆ తినడంలో ఆల్కహాలూ గ్యాసూ పుడతాయి, గ్యాస్ పోతుంది, మిగిలింది వైన్. మన దగ్గర దీనికి వరసకు చుట్టం ఏదైనా ఉందంటే అది కల్లు. తాటిచెట్టు మీద లొట్టిలో రాత్రంతా జరిగేదే నాసిక్‌లో స్టీలు ట్యాంకులో వారం రెండు వారాలు జరుగుతుంది, కాకపోతే అక్కడ ట్యాంకు చుట్టూ చల్లటి నీళ్ల పైపులు పెట్టి తెల్లవైన్‌కు 15 డిగ్రీల దగ్గర, ఎర్రవైన్‌కు 25 పైన వేడిని పట్టి ఉంచుతారు. లీటరు రసంలో 17 గ్రాముల చక్కెర ఉంటే సుమారుగా ఒక శాతం ఆల్కహాల్ వస్తుంది. అందుకే వైన్ మామూలుగా 12 నుంచి 14 శాతం దగ్గర ఆగుతుంది. మన షాపుల్లో దొరికే బ్రాందీ, విస్కీ సీసా తిప్పి చూడండి, 42.8 అని రాసి ఉంటుంది. ఈ రెండింటినీ ఒకే మాటతో ఎలా పిలుస్తాం?

నిజానికి 'ద్రాక్ష సారాయి' అనదగ్గది ఒకటుంది. ఫ్రాన్స్‌లో కొన్యాక్ అనే ఊరి చుట్టుపక్కల పలచటి తెల్లవైన్ చేసి, దాన్ని రాగి బానల్లో రెండుసార్లు కాచి, చెక్క పీపాల్లో ఏళ్ల తరబడి ఉంచుతారు. అది బ్రాందీ. ఆ మాట అక్కడ వాడుకోండి, ఎవరూ కాదనరు.

ఇంకో కారణం కూడా ఉంది. సారాయి అనే మాట మన తెలుగునాట ఊరికే వచ్చిపోయే మాట కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరాటం ఊరూరా పాకి, 1993లో సారాయి అమ్మకం ఆగిపోయేదాకా వెళ్లింది. నాకప్పుడు బాగా ఊహ తెలిసిన వయసు, మా ఊళ్లో కూడా ఆడవాళ్లు ప్యాకెట్లు రోడ్డు మీద పోసి తొక్కారు. ఎన్ని ఇళ్లు కూలితే ఆ మాటకు ఆ బరువు వచ్చిందో తెలిసినవాళ్లు ఒక యాత్రా వ్యాసంలో సరదాకి దాన్ని వాడరు. తెలుగు బైబిల్లో ద్రాక్షారసం అన్నారు, ఆయుర్వేదంలో ద్రాక్షాసవం, ద్రాక్షారిష్టం అన్నారు, ఆసవాలూ అరిష్టాలూ పులియబెట్టేవే, బట్టీ పట్టేవి కావు. మన పెద్దవాళ్లకు ఆ తేడా బాగా తెలుసు. ఇప్పుడు జనం నోట్లో వైన్ అనే మాట నలుగుతోంది కాబట్టి వైన్ అనే రాయండి. ఊరూరా బ్రాందీ షాపు మీద 'వైన్స్' అని బోర్డు ఉండటంతో మన పిల్లలకు రెండూ ఒకటే అన్న భ్రమ ముందే పడింది, పత్రిక దాన్ని ఇంకా పెంచకూడదు.

ఇక వ్యాసంలో ద్రాక్ష రకాల గురించి రాసిన పేరా. 'షార్డొనే, షాబ్లీ, పినో నువార్, బర్గండీ, షాంపేన్ వంటి ద్రాక్ష రకాలు' అని ఒకే వాక్యంలో కలిపేశారు. ఇందులో షార్డొనే, పినో నువార్ ద్రాక్షలు. బర్గండీ, షాంపేన్ ప్రాంతాలు. షాబ్లీ ఒక చిన్న ఊరు, ఆ ఊరి వైన్ మొత్తం షార్డొనే ద్రాక్షతోనే చేస్తారు. బర్గండీలో ఎర్రది ఎక్కువగా పినో నువార్, తెల్లది ఎక్కువగా షార్డొనే. ఫ్రాన్స్‌లో చాలావరకు సీసా మీద ఊరి పేరే ఉంటుంది, ద్రాక్ష పేరు ఉండదు, ఆ ఊరంటే ఆ ద్రాక్షేనని వాళ్లకు తెలుసు కాబట్టి రాయరు. మనం బంగినపల్లి అనేది కూడా అట్లాగే కదా, బనగానపల్లె ఊరి పేరే పండు పేరై కూర్చుంది. నాసిక్ సీసాల మీద మాత్రం షెనిన్ బ్లాన్, సావిన్యాన్ బ్లాన్, షిరాజ్, కాబర్నే అని ద్రాక్ష పేరే పెద్దగా వేస్తారు, కాలిఫోర్నియా, ఆస్ట్రేలియా పద్ధతిలో. ఈ ఒక్కటి చెప్తే చాలు, పాఠకుడు ఏ దేశం వెళ్లినా సీసా చదవగలడు.

తీగను చూసి ఏ ద్రాక్షో పోల్చుకోవడం కూడా అనుకున్నంత తేలిక కాదు. చిలీ దేశంలో రైతులు వందేళ్లకు పైగా మెర్లో అనే ద్రాక్ష అనుకుని పెంచిన తీగల్లో చాలావరకు కార్మెనేర్ అనే వేరే రకం అని 1994లో ఒక ఫ్రెంచ్ శాస్త్రవేత్త తోటలోకి వెళ్లి చూసి చెప్పాడు. కాబర్నే సావిన్యాన్ అయితే కాబర్నే ఫ్రాంక్‌కూ సావిన్యాన్ బ్లాన్‌కూ పుట్టిన బిడ్డ అని కాలిఫోర్నియాలో డీఎన్ఏ పరీక్ష చేశాకే, అంటే 1990ల్లోనే, తెలిసింది. నల్ల ద్రాక్ష తల్లిదండ్రుల్లో ఒకటి తెల్లది!

ఫ్రాన్స్‌లోని బోర్డో గురించి ఒక్క లైను రాసి వదిలేశారు, 'ఖరీదైన వైన్లకు ప్రసిద్ధి' అని. తెలుగు రైతుకు ఆ ఊరి పేరు మీకంటే నాకంటే ముందే తెలుసు. బత్తాయి తోటలో, కొబ్బరి తోటలో, ఆకుమచ్చ కనిపించగానే మనవాళ్లు కొట్టే బోర్డో మిశ్రమం ఆ బోర్డోదే. 1880లలో అక్కడి తోటల్ని బూజు తెగులు తినేస్తోంది. మెదోక్ ప్రాంతంలో దారి పక్క తీగల పళ్లను జనం కోసుకుపోకుండా రైతులు మైలుతుత్తం, సున్నం కలిపి చల్లి పెట్టేవాళ్లట, నీలంగా కనిపిస్తే ఎవరూ ముట్టుకోరని. మిలార్దే అనే ప్రొఫెసర్ అటు పోతూ చూస్తే ఆ దారి పక్క తీగలకు మాత్రం ఆకు నిలిచి ఉంది. అక్కడ పట్టుకుని ప్రయోగాలు చేసి 1885లో ఆ మందును లోకానికి చెప్పాడు.

మా నాన్న ఆ మందు కలిపే తీరు నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంటుంది. ఇత్తడి, ఇనప బక్కెట్లు దూరం పెట్టి ప్లాస్టిక్ డ్రమ్ములు తెచ్చేవాడు. కిలో మైలుతుత్తం ఒక దాంట్లో, కిలో సున్నం ఇంకోదాంట్లో, మొత్తం వంద లీటర్లకు వచ్చేట్టు. నీలం నీళ్లనే సున్నపు నీళ్లలో పోయాలి, అటు ఇటు అయితే మందు విరిగిపోతుంది. పోస్తూ నాతో కర్రతో తిప్పించేవాడు. తర్వాత కొడవలి మొన ఒక నిమిషం ముంచి తీసి ఎండకు ఎత్తి చూసేవాడు, ఇనుము మీద ఎర్రటి రాగి పొర కనపడితే 'ఇంకొంచెం సున్నం తేరా' అనేవాడు, లేకపోతే ఆకు మాడిపోతుందని. ఆ మందు పేరు వైన్ ఊరిదని ఆయనకు తెలియదు, నాకూ నాసిక్ వెళ్లాకే తెలిసింది. ఆ సంగతి ఫోన్లో చెప్తే ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు, 'మనలాంటి రైతే కనిపెట్టాడన్నమాట' అన్నాడు. మీ వ్యాసంలో ఈ ఒక్క ముక్క ఉండి ఉంటే వ్యవసాయం చేసేవాళ్లు కూడా చివరిదాకా చదివేవాళ్లు.

అంతకు ఇరవై ఏళ్ల ముందే ఐరోపా తోటలకు ఇంకా పెద్ద గండం వచ్చింది, అమెరికా నుంచి వచ్చిన ఫిలాక్సెరా అనే పేనులాంటి పురుగు వేళ్ల రసం పీల్చేసి లక్షల ఎకరాలు ఎండబెట్టింది. ఏ మందూ పూర్తిగా పనిచేయలేదు. చివరికి ఆ పురుగును తట్టుకునే అమెరికా తీగ మొదలు మీద తమ కొమ్మను అంటుకట్టి బతికారు. మనం మామిడి అంటు కట్టినట్టే. నాసిక్‌లో ఇప్పుడు డాగ్‌రిడ్జ్ అనే మొదలు మీద అంటు కడతారు, అది అక్కడ నీటి ఎద్దడిని, ఉప్పు నీళ్లను తట్టుకుంటుంది కాబట్టి.

నాసిక్ దగ్గర ఉన్న అసలు విశేషం వ్యాసంలో రాలేదు. చలిదేశాల్లో మంచు పడితే తీగ నిద్రపోతుంది, వసంతంలో చిగురేస్తుంది, సెప్టెంబర్, అక్టోబర్లలో కోత. మన దగ్గర తీగకు నిద్ర లేదు, వదిలేస్తే ఏడాదంతా ఆకులే వేస్తుంది. అందుకని ఏప్రిల్‌లో ఒకసారి, వానలు తగ్గాక సెప్టెంబర్ చివర, అక్టోబర్‌లో ఇంకోసారి కత్తిరిస్తారు. మరాఠీ రైతులు మొదటిదాన్ని ఖరడ్ ఛాటణి అంటారు, రెండోదాన్ని గోడీ ఛాటణి అంటారు. ఏప్రిల్ కత్తిరింపు కొమ్మ కోసం, అక్టోబర్ కత్తిరింపు పండు కోసం. అలా చేసి వర్షాకాలం నుంచి పంటను తప్పించి జనవరి నుంచి మార్చిలోపు కోస్తారు, అంటే ప్రపంచంలో ఇంకెక్కడో మంచు కురుస్తుంటే మనవాళ్లు క్రేట్లు నింపుతుంటారు. కోత కూడా తెల్లారకముందే, తలకు లైట్లు కట్టుకుని, ఎండెక్కితే గుత్తి వేడెక్కి ట్యాంకు చేరేలోపే పులియడం మొదలవుతుందని.

నాన్నను ఒకసారి ఫిబ్రవరిలో తీసుకెళ్లి షిరాజ్ తోట చూపించాను. ఆయన పెంచిన అనాబేషాహి పండు బొటనవేలంత, తేనెరంగు, కండ గట్టిగా ఉండేది, ఒక్కో గుత్తి రెండు చేతులతో పట్టుకోవాలి. షిరాజ్ పండు శనగగింజ కంటే కాస్త పెద్దది. నోట్లో వేసుకుని, తోలు నములుతూ, గింజలు చేతిలోకి ఊసి, 'ఇంత చిన్న పండు ఎవరు కొంటార్రా' అన్నాడు. ఆ తోలే కావాలి నాన్నా అని చెప్పాను. దాదాపు ఏ ద్రాక్ష రసమైనా తెల్లగానే ఉంటుంది, నల్ల ద్రాక్ష పిండినా తెల్లటి రసమే వస్తుంది, రంగూ వగరూ తోలులో ఉంటాయి. పండు చిన్నదైతే రసానికి తోలు ఎక్కువ. ఎర్రవైన్‌కు తోలుతో సహా పులియబెట్టి ఆ రంగు దింపుతారు, తెల్లవైన్‌కు ముందే పిండి తోలు తీసేస్తారు. షాంపేన్‌లో పడే మూడు ప్రధాన ద్రాక్షల్లో రెండు నల్లవి, సీసాలో మాత్రం తెల్లగా కనిపించడం అందుకే.

ఇక నేను చేసిన పని. మీ వ్యాసంలో 'తయారైన వైన్‌ను సీసాల్లో నింపుతారు' అని ఒక్క వాక్యం ఉంది. పీపా ఫొటోలు నాలుగున్నాయి, బాట్లింగ్ లైన్ ఫొటో ఒక్కటి లేదు. ఏడాదంతా రైతు పడ్డ కష్టం, నెలల తరబడి ట్యాంకు దగ్గర కాపలా, అంతా ఆ లైన్ మీద కొన్ని సెకన్లలో చెడిపోవచ్చు. గాలి తగిలితే వైన్‌కు చేటు. అందుకే కడిగిన సీసాలోకి ముందు నైట్రోజన్ పంపి లోపలి గాలిని బయటికి తోస్తాం, తర్వాత వైన్ దింపుతాం, పైన మిగిలిన జాగాలోని గాలి కూడా లాగేసి మూత వేస్తాం. నింపేముందు 0.45 మైక్రాన్ల సన్నటి రంధ్రాలున్న ఫిల్టర్ గుండా పంపుతాం, ఈస్ట్, బ్యాక్టీరియా మిగిలితే సీసాలో మళ్లీ పులియడం మొదలెట్టకుండా.

చేరిన రెండో ఏడు ఒక రోజు నైట్రోజన్ సిలిండర్ ప్రెషర్ పడిపోయింది. గేజ్ చూడాల్సింది నేను, పక్క లైన్‌లో లేబుల్ వంకరగా పడుతోందని అటు వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఎంతసేపు అట్లా నడిచిందో తెలియదు. ఆ సీసాలు ఆ రోజు చూస్తే ఏ తేడా లేదు, మెరుస్తున్నాయి. నాలుగు నెలలకు శాంపిల్ తీస్తే లేత పసుపు కాస్తా కోసి పెట్టిన యాపిల్ ముక్క రంగుకు తిరిగింది, వాసన కూడా అదే. ఆ బ్యాచ్ మొత్తం పక్కన పెట్టారు. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు, కానీ ఆ తోట రైతు ఎదురుపడితే తల ఎత్తలేకపోయాను. ఆ తర్వాత లైన్ నడుస్తున్నంతసేపూ గేజ్ దగ్గర్నుంచి కదల్లేదు.

కార్క్ సంగతి కూడా చెప్పాలి. కార్క్ 24 మిల్లీమీటర్ల లావు ఉంటుంది, సీసా మెడ లోపల పద్దెనిమిదిన్నర. మిషన్‌లో నాలుగు దవడలు ఉంటాయి, అవి కార్క్‌ను అన్ని వైపుల నుంచీ నొక్కి 16 దగ్గరికి తెస్తాయి, పైనుంచి ఒక్క పోటుతో మెడలోకి దింపుతాయి, లోపలికి వెళ్లాక అది మళ్లీ ఉబ్బి బిగుసుకుంటుంది. దవడల్లో ఒక్కటి అరిగినా కార్క్ మీద నిలువునా సన్నటి మడత పడుతుంది. కంటికి ఆనదు. పొద్దున్నే మొదటి సీసా కార్క్ బయటికి తీసి గోటితో చుట్టూ తడిమి చూడటం నా పని, గోరు ఆగిందంటే లైన్ ఆపాల్సిందే, ఆ మడత వెంటే వారం తర్వాత వైన్ కారుతుంది. కార్క్ అనేది ఒక చెట్టు బెరడు, ప్రపంచం మొత్తం మీద సగం దాకా పోర్చుగల్ నుంచే వస్తుంది. చెట్టుకు ఇరవై అయిదేళ్లు వచ్చాక మొదటి బెరడు తీస్తారు, తర్వాత తొమ్మిదేళ్లకు ఒకసారి, సీసాకు పనికొచ్చే బెరడు మూడోసారికి గానీ రాదు.

అట్లాగని మరమూత ఉన్నది చౌకరకం అని మీరు రాసింది సరికాదు. కార్క్ వల్ల అప్పుడప్పుడు తడిసిన అట్టపెట్టె వాసన పడుతుంది, ఆ బాధ పడలేక 2000లో ఆస్ట్రేలియా క్లేర్ వ్యాలీలోని కొందరు కలిసి రీస్లింగ్ అనే తమ మంచి తెల్లవైన్లకే మరమూతలు వేశారు. మన ఎండలకు, మన గోడౌన్లకు మరమూతే నయమని నా అనుభవం.

సీసా అడుగున మెరిసే పలుకులు కనపడితే గాజుపెంకులని భయపడి వాపసు పంపేవాళ్లు ఉండేవారు. అవి టార్టారిక్ ఆమ్లం లవణాలు, చల్లబడితే పేరుకుంటాయి, ఏ హానీ లేదు. మన చింతపండు పులుపులో ఉన్నది ఆ ఆమ్లమే, ద్రాక్షలో ఉన్నదీ అదే. ఇట్లా చెప్తే మా చుట్టాలకు ఒక్క నిమిషంలో అర్థమయ్యేది, టెన్షన్ పోయేది.

'ఎంత పాతబడితే అంత రుచి' అన్న మాట దయచేసి సరిదిద్దండి. ఇరవై, ముప్ఫై ఏళ్లు నిలిచేవి ఉన్నాయి గానీ చాలా కొద్ది. ఎక్కువ వైన్లు, అందులోనూ తెల్లవి, ఒకట్రెండేళ్లలో తాగడానికే చేస్తారు. ఈ మాట నమ్మి మా బంధువు ఒకాయన గృహప్రవేశానికి ఎవరో ఇచ్చిన తెల్లవైన్ సీసాను ఎనిమిదేళ్లు ఫ్రిజ్ పైన నిలబెట్టి దాచుకుని, కూతురి పెళ్లికి తీశాడు. ఫ్రిజ్ పైన ఎంత వేడి ఉంటుందో చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది. లోపల మిగిలింది పుల్లటి గోధుమరంగు నీళ్లు. ఎంతో ఆశగా తీశాడు పాపం, ఆ మొహం నేను చూశాను. కార్క్ ఉన్నదాన్ని పడుకోబెట్టి, చల్లగా చీకటిగా ఉండే చోట పెట్టాలని పత్రిక ఒక్క వాక్యం రాస్తే ఇలాంటివి ఆగుతాయి.

వచ్చే నెల రెండో భాగంలో బెంగళూరు దగ్గరి నంది హిల్స్ వైపు వెళ్తామని రాశారు. అక్కడ 1988లో మొదలైన గ్రోవర్ తోటలు చూడండి, షాంపేన్ ప్రాంతం నుంచి వచ్చిన వైన్ నిపుణుడు జార్జ్ వెస్సెల్ సలహాతో ఫ్రెంచ్ రకాలు నాటిన చోటు అది. దానితోపాటు దారిలో బెంగళూరు బ్లూ పెంచే చిన్న రైతుల దగ్గర కూడా ఒక పూట ఆగండి, ఆ ద్రాక్షకు భౌగోళిక గుర్తింపు ఉంది, తియ్యటి వైన్లకు, జ్యూస్‌కు అదే పోతుంది. మన హిందూపురానికి దగ్గరే కాబట్టి అక్కడి రైతులకు ఆ కబురు అవసరం. బాట్లింగ్ హాల్లోకి కూడా వెళ్లండి, పొద్దున్నే వెళ్తే మొదటి సీసా కార్క్ తీసి చూపిస్తారు. అచ్చుకు ముందు ప్రతి పంపిస్తే ద్రాక్ష పేర్లూ ఊర్ల పేర్లూ నేను చదివి సరిచూసి పెడతాను, దానికి నాకు ఏమీ ఇవ్వక్కర్లేదు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
మేడ్చల్